మళ్ళీ కుంచె పట్టేవాళ్ళకు: ఏళ్ళ విరామం తర్వాత పెయింటింగ్ తిరిగి మొదలుపెట్టడం ఎలా

కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన పాఠాలు, ఒకప్పుడు వేసి వదిలేసినవాళ్ళకు సగమే పనికొస్తాయి. కొత్తవాళ్ళకు తమ మొదటి బొమ్మను పోల్చుకోడానికి ఏమీ ఉండదు. తిరిగొచ్చినవాళ్ళకు ఉంటుంది: వయసులో ఉన్నప్పుడు తామే వేసిన బొమ్మ. పైగా ఈ మధ్యకాలమంతా చెయ్యి ఆగిపోయింది గానీ కన్ను ఆగలేదు. ఎన్నో చిత్రాలు చూసింది, ఏది బాగుందో ఏది లేదో పసిగట్టడం నేర్చుకుంది. అందుకే మొదటిరోజు కాగితం మీద పడిన ప్రతి గీతా తప్పుగానే కనిపిస్తుంది. తప్పు కనబడటం మంచిదే. దాన్ని దిద్దే చెయ్యి రావడానికి ఇంకొన్ని వారాలు పడుతుందని ముందే తెలియక, చాలామంది రంగుల పెట్టెను మళ్ళీ అటకెక్కిస్తారు.

కాబట్టి ఒక్క నియమం పెట్టుకోండి: వదిలేసిన చోటి నుంచే అందుకోవాలని చూడొద్దు. ఆఖరిసారి వేసినంత పెద్ద కాన్వాసు, అంత కష్టమైన బొమ్మ ఎత్తుకోవద్దు. పాత బొమ్మల ఫైలును ఒక కవర్లో పెట్టి, టేపు అంటించి, కంటికి కనబడని చోట ఉంచండి. దాన్ని ఎప్పుడు తీయాలో చివర్లో చెబుతాం.

ముందు పాత పెట్టె సంగతి

కొత్తవి కొనేముందు ఉన్నవాటిని బల్ల మీద పోసి మూడు కుప్పలు చేయండి: పనికొచ్చేవి, సాధనకు మాత్రమే పనికొచ్చేవి, పారేయాల్సినవి. పాత సామాను మీద మమకారంతో చెడిపోయిన రంగుతో కుస్తీ పడుతూ, తప్పు తమదేననుకునేవాళ్ళు ఎక్కువ.

నీటి రంగుల ట్యూబు లోపల రాయిలా గట్టిపడినా రంగు పోలేదు. అందులోని జిగురు తుమ్మబంక జాతిది, నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది. ట్యూబును బ్లేడుతో నిలువుగా కోసి, రంగుముద్దను చిన్న గిన్నెలో పెట్టి, రెండు చుక్కల నీళ్ళు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున బిళ్ళ రంగులాగే వాడుకోవచ్చు. బూజు వాసన వస్తే మాత్రం పారేయండి.

ఆక్రిలిక్‌కు ఈ అవకాశం లేదు. ఒకసారి ఆరిందంటే అది ప్లాస్టిక్కే. ట్యూబులో రంగు రబ్బరులా సాగుతున్నా, పెరుగులా విరిగినట్టున్నా చెత్తబుట్టలో వేయాల్సిందే. ఆయిల్ ట్యూబులు చాలాకాలం నిలుస్తాయి. మూత బిగుసుకుంటే ట్యూబు తలను వేడినీళ్ళలో ఒక నిమిషం ముంచి తిప్పండి. పళ్ళతో పీకొద్దు. తెరవగానే నూనె విడిగా కారితే పాలెట్ కత్తితో కలుపుకుంటే చాలు. పాత ట్యూబు మీద ఫ్లేక్ వైట్ అని ఉంటే అది సీసం కలిసిన తెలుపు. పిల్లలు తిరిగే ఇంట్లో దాన్ని ఉంచకపోవడమే మేలు. పాత టర్పెంటైన్ సీసా కూడా వద్దు. గాలి తగిలి అది జిగటగా మారుతుంది, చర్మానికి తాజాదానికన్నా ఎక్కువ ఇబ్బంది చేస్తుంది.

కాగితం విషయం చాలామందికి తట్టదు. నీటి రంగుల కాగితానికి నీళ్ళు వెంటనే పీల్చుకోకుండా జిగురు పూత ఉంటుంది. ఏళ్ళ తరబడి తేమలో ఉంటే ఆ పూత చచ్చిపోతుంది. చూడ్డానికి కాగితం కొత్తదానిలాగే ఉంటుంది. ఒక మూల పలుచటి రంగు పూసి చూడండి: అద్దుడు కాగితంలా లాగేసి, ముదురు మచ్చలు మచ్చలుగా తేలితే దాని పని అయిపోయింది. పారేయక్కర్లేదు, పెన్సిల్ సాధనకు ఉంచుకోండి.

కుంచెల్లో వెంట్రుకలు విచ్చుకుపోయినవి పూర్తిగా పనికిరానివేం కాదు. ఆకుల గుబుర్లు, గడ్డి, గరుకు గోడలు వేయడానికి అలాంటి కుంచెను కావాలనే వెతుక్కుంటారు.

కళ్ళు, వెలుతురు

ఇరవయ్యేళ్ళ కంటితో పోలిస్తే అరవయ్యేళ్ళ కంటి రెటీనాకు చేరే వెలుతురు దాదాపు మూడో వంతే. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. దీనివల్ల చూపుకన్నా ముందు దెబ్బతినేది రంగుల తేడా, ముఖ్యంగా ముదురు నీలం, నలుపు, ముదురు గోధుమల మధ్య తేడా. సాయంత్రం పూట అల్ట్రామెరీన్ నీలం అనుకుని మరో ముదురు రంగు పిండేయడం మతిమరుపు కాదు, కటకం చేసే పని.

దీనికి మందు వెలుతురే. 5000 కెల్విన్ రంగు ఉష్ణోగ్రత, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన, 1000 ల్యూమెన్లకు తగ్గని ఎల్ఈడీ దీపం ఒకటి పెట్టుకోండి. ఈ మూడు అంకెలూ పెట్టె మీద ఉంటాయి. కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమవైపు పైనుంచి, ఎడమచేతి వాళ్ళకు కుడివైపు పైనుంచి వెలుతురు పడాలి, అప్పుడు చేతి నీడ బొమ్మ మీద పడదు. ఇంకో మాట: పాలెట్ మీదా కాగితం మీదా ఒకే దీపం పడాలి. రంగు కలిపేది పసుపు బల్బు కింద, వేసేది కిటికీ వెలుతురులో అయితే కలిపిన రంగు కాగితం మీదికి రాగానే మారిపోయినట్టుంటుంది.

పాలెట్‌లో ఏ రంగు ఎక్కడుండాలో ఒకసారి నిర్ణయించి ఇక మార్చొద్దు. కన్ను తడబడినా చెయ్యి సరైన గుంట దగ్గరికి వెళ్తుంది.

కళ్ళజోడు గురించి. చత్వారం అద్దాలు సాధారణంగా 40 సెంటీమీటర్ల దూరానికి ఇస్తారు. బొమ్మను నిలబెట్టే ఈజిల్ ముందు నిలబడితే కాగితం 60 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ దూరంలో చదువుకునే అద్దాలతో మసకే. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవరు మారే ప్రోగ్రెసివ్ అద్దాలైతే స్పష్టంగా కనబడే చోటు కోసం గడ్డం పైకెత్తాలి, అరగంటలో మెడ పట్టేస్తుంది. టేపు తీసుకుని మీ కంటికీ కాగితానికీ మధ్య దూరం కొలిచి, ఆ అంకె కంటి డాక్టరుకు చెప్పి, ఆ దూరానికి ఒకే పవరున్న జత చేయించుకోండి. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా లాభసాటి ఖర్చు ఇదేనని మా అభిప్రాయం. ఇక తలుపు అంచులాంటి నిటారు గీతలు వంకరగా కనబడితే అది కళ్ళజోడుతో పోయేది కాదు, వెంటనే కళ్ళు చూపించుకోవాలి.

శుక్లాలు ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆపరేషన్ తర్వాత నీలాలు ఒక్కసారిగా వెలిగిపోతాయి, అంతకుముందు వేసిన బొమ్మలు మరీ పసుపుగా అనిపించవచ్చు. ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనేకు 1912లో శుక్లాలని తేలింది, 1923లో కుడికంటికి ఆపరేషన్ జరిగింది. ఆ మధ్యకాలపు చిత్రాల్లో ఎరుపు, గోధుమ ఛాయలు ముదిరాయి. ఆపరేషన్ కాగానే పాత బొమ్మలు దిద్దడం మొదలుపెట్టకుండా కొన్ని నెలలు ఆగండి.

చెయ్యి, మెడ, కుర్చీ

సన్నటి కాడను వేళ్ళతో నొక్కి పట్టుకోవడమే కీళ్ళనొప్పి ఉన్న చేతికి శత్రువు. కుంచె కాడకు పైపుల మీద తొడిగే ఫోమ్ ముక్కో, సైకిల్ హ్యాండిల్‌కు చుట్టే టేపో చుట్టి 2 సెంటీమీటర్ల మందం చేయండి. పట్టు సగం సడలుతుంది. కాడను రాసే పెన్నులా కింద కాకుండా మధ్యలో పట్టుకుని, మణికట్టు బదులు మోచెయ్యి, భుజం కదిలించండి. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్‌కు కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకుపోతే కుంచెను ఆయన చేతిలో మరొకరు ఇరికించేవారు. చేతికి కనబడే కట్టు కుంచెను కట్టేయడానికని చెప్పుకుంటారు గానీ, అది చర్మం ఒరుసుకోకుండా వేసింది.

చెయ్యి వణికేవాళ్ళు బొమ్మకు అడ్డంగా, దానికి తగలకుండా 3 సెంటీమీటర్ల ఎత్తులో ఒక చెక్కపట్టీ పెట్టుకుని దానిమీద మణికట్టు ఆనించవచ్చు. రెండు చివర్లా రెండు చెక్కముక్కలు అంటిస్తే వంతెన తయారు. బొమ్మ సైజు పెంచితే కూడా వణుకు తక్కువ కనబడుతుంది: పోస్టుకార్డు మీద 2 మిల్లీమీటర్ల తేడా ముక్కును చెడగొడుతుంది, పెద్ద కాగితం మీద లెక్కలోకే రాదు.

బల్ల మీద వేసేవాళ్ళు బోర్డును పడుకోబెట్టొద్దు. 40 సెంటీమీటర్ల లోతున్న బోర్డు వెనకంచు కింద 10 సెంటీమీటర్ల ఎత్తున ఏదైనా పెడితే సుమారు 15 డిగ్రీల వాలు వస్తుంది. నీటి రంగు కిందికి నెమ్మదిగా జారడానికీ, మీ మెడ వంగకుండా ఉండటానికీ అదే సరైన వాలు. ఇరవై ఐదు నిమిషాలకు టైమర్ పెట్టుకుని, మోగగానే లేచి రెండు మీటర్లు వెనక్కి వెళ్ళి బొమ్మను చూడండి. నడుముకూ మంచిది, బొమ్మకూ మంచిది.

ఏ రంగులు పట్టాలి

నీటి రంగులు తేలిక, ఆయిల్ కష్టం అనే మాట నమ్మొద్దు. నీటి రంగుల్లో తప్పు దిద్దుకోవడం చాలా కష్టం. ఆయిల్‌లో గుడ్డతో తుడిచేసి మళ్ళీ వేయొచ్చు. సామాను తక్కువ కాబట్టి నీటి రంగులు సులువనే పేరు తెచ్చుకున్నాయి. ఒకప్పుడు ఏది వేసేవారో దానికే తిరిగి వెళ్ళండి. రంగు ఎంత చిక్కగా ఉంటే కుంచె ఎంత బరువుగా కదులుతుందో చేతికి గుర్తుంటుంది, మీకు గుర్తు లేకపోయినా. టర్పెంటైన్ వాసనకు తలనొప్పి, ఆయాసం వచ్చేవాళ్ళు మాత్రం నీళ్ళతో కలిసే ఆయిల్ రంగులకు మారాలి. వేగంగా పని చేయలేకపోతున్నవాళ్ళకు ఆక్రిలిక్ చికాకు పెడుతుంది, పలుచటి పొర పది ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. తడి స్పాంజి మీద పార్చ్‌మెంట్ కాగితం పరిచి పాలెట్‌గా వాడితే రంగు గంటలకొద్దీ తడిగా ఉంటుంది.

ఈ కింద చెప్పేదంతా నీటి రంగుల లెక్కలో ఉంటుంది. మిగతా రంగులకు తేడా వచ్చే చోట చెబుతాం.

కొనాల్సిన జాబితా చిన్నది. కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు), కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే రకం), వీలైతే నూరు శాతం కాటన్. పొదుపు ఎక్కడైనా చేయండి, కాగితం దగ్గర చేయొద్దు. చవక కాగితం మీద చెయ్యి తిరిగినవాళ్ళకు కూడా వాష్, అంటే పలుచటి రంగు పూత, సమంగా రాదు. గుండ్రటి కుంచెలు 10వ, 4వ నంబర్లవి ఒక్కోటి, 25 మిల్లీమీటర్ల చదును కుంచె ఒకటి. తెల్ల పింగాణీ పళ్ళెమే పాలెట్. నీళ్ళకు రెండు సీసాలు, ఒకటి కడగడానికి, ఇంకొకటి ఎప్పుడూ శుభ్రంగా ఉండటానికి. మాస్కింగ్ టేపు, 2బీ పెన్సిల్, మెత్తటి రబ్బరు, పాత కాటన్ గుడ్డ.

రంగులు ఆరు. ట్యూబు మీద పేరును కాదు, చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడును, అంటే అందులోని రంగుపొడి గుర్తును, చూడండి. అల్ట్రామెరీన్ నీలం పీబీ 29, థాలో నీలం పీబీ 15:3, క్వినాక్రిడోన్ రోజ్ పీవీ 19, నిండు ఎరుపు పీఆర్ 254, పసుపు పీవై 154, బర్న్ట్ సియెన్నా పీబీఆర్ 7. ఒకప్పుడు ప్రతి పెట్టెలో ఉండే అలిజరిన్ క్రిమ్‌సన్, పీఆర్ 83, వెలుతురుకు వెలిసిపోయే రంగు. దాని చోట్లోకే పీవీ 19 వచ్చింది. ఒకే కోడున్న రంగులు కొనడం వల్ల లాభం ఏమిటంటే, రెండు రంగులు కలిపినప్పుడు నిజంగా రెండే కలుస్తాయి. మూడేసి కోడులున్న రెండు ట్యూబులు కలిపితే ఆరు కలిసి బురదవుతుంది. ఆయిల్, ఆక్రిలిక్ వాళ్ళు టైటేనియం తెలుపు, పీడబ్ల్యూ 6, చేర్చుకోవాలి.

నలుపు కొనొద్దు. పాత అలవాటు కొద్దీ చెయ్యి నీడ కోసం దానివైపే పోతుంది.

మొదటి వారం: బొమ్మ వేయడం లేదు

రోజుకు అరగంట, వారానికి నాలుగైదు రోజులు. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం దీనికి సాటి రాదు. సామాను తీసి సర్దడానికే పావుగంట పడుతుంటే రెండో వారానికి బద్ధకం వచ్చేస్తుంది. అందుకే ఒక బల్ల మూలను, అర మీటరైనా సరే, శాశ్వతంగా దీనికే వదిలేయండి.

ఈ వారమంతా రెండే రంగులు: అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా. వీటిని కలిపితే చల్లటి బూడిద నుంచి వెచ్చటి బూడిద దాకా, చిక్కగా కలిపితే దాదాపు నలుపు దాకా వస్తుంది.

మొదటి రెండు రోజులు గీతలే. 10వ నంబరు కుంచె నిండా రంగు ముంచి, 20 సెంటీమీటర్ల గీతలు సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్ళీ సన్నబడేలా. భుజం కదలాలి. ఆ తర్వాత వంపులు, సున్నాలు, అండాకారాలు. ఏ వస్తువునూ పోలనక్కర్లేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ చిత్రకళ ఊపందుకున్నదే రాతప్రతుల్లోని కొట్టివేతలను కలుపుకుంటూ ఆకారాలుగా మార్చడంతో. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల తొలి ప్రదర్శన జరిగేనాటికి ఆయన 69వ ఏట ఉన్నారు.

మూడోరోజు వాష్. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కకు నాలుగంచులా టేపు వేసి వాలు బోర్డు మీద అంటించండి. ఒక టీస్పూను నీళ్ళలో రంగు కలపండి, టీ అంత పలుచగా. చాలదనిపించినా చాలుననిపించినా ముందే రెట్టింపు కలుపుకోవడం మంచిది. సగంలో అయిపోతే మళ్ళీ అదే ఛాయ కలపలేరు, ఈలోగా అంచు ఆరిపోతుంది. చదును కుంచెతో పైనుంచి అడ్డంగా ఒక పట్టీ లాగండి. కింది అంచున రంగునీళ్ళు పూసలా నిలుస్తాయి. తర్వాతి పట్టీ ఆ పూసను తాకుతూ వేయాలి, పైకి వెళ్ళకూడదు. చివర మిగిలిన పూసను పిండిన కుంచెతో పీల్చేయండి. వదిలేస్తే ఆ నీళ్ళు ఆరుతున్న రంగులోకి వెనక్కి పాకి కాలీఫ్లవర్ లాంటి మచ్చ చేస్తాయి.

మిగిలిన రోజులు లేత-ముదురు మెట్లు. 3 సెంటీమీటర్ల గడులు ఐదు గీసి, మొదటిది ఖాళీ కాగితం, ఐదోది మీరు కలపగలిగినంత ముదురు. ఆ తర్వాత మధ్యదైన మూడోది వేయండి, చివరగా రెండు, నాలుగు. మూడో గడి దాదాపు అందరికీ లేతగానే వస్తుంది, ఎందుకంటే నీటి రంగు తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక పాలిపోతుంది. ఆక్రిలిక్ దీనికి తారుమారు, ఆరాక కాస్త ముదురుతుంది. ఆరిన మెట్లను ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. మెట్ల మధ్య ఎడం సమానంగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఆయిల్, ఆక్రిలిక్‌లో తెలుపులోకి ముదురును సూదిమొనంత చొప్పున చేర్చాలి. ముదురులోకి తెలుపు కలుపుతూ పోతే గిన్నెడు రంగు తయారవుతుంది గానీ కావలసిన ఛాయ రాదు.

ఈ మెట్లు విసుగే. కానీ విరామం తర్వాత వేసిన బొమ్మ పేలవంగా ఉందంటే నూటికి తొంభై పాళ్ళు అది రంగుల తప్పు కాదు, లేత-ముదురుల తప్పు.

ముప్పై కప్పులు

రెండో వారం నుంచి ఒక తెల్లటి కప్పు. పువ్వులు, డిజైన్లు లేనిది. రోజుకు రెండు, వారానికి పది, మూడు వారాలకు ముప్పై. ప్రతిదాని వెనక తేదీ, నంబరు వేయండి. సైజు పోస్టుకార్డంత. ఒక్కోదానికి పావుగంట మించొద్దు.

కప్పును బూడిదరంగు కాగితం మీద పెట్టి, ఎడమవైపు అర మీటరు దూరంలో పైనుంచి వంపుగా ఒక్క దీపం వేసి, మిగతావి ఆర్పేయండి. వేసే ముందు రెండు నిమిషాలు చూడండి. కప్పు వెలుపల ఎడమవైపు వెలుతురు, కుడివైపు నీడ. లోపల సరిగ్గా తారుమారు: ఎడమ లోగోడ నీడలో ఉంటుంది, కుడి లోగోడ వెలుగుతుంటుంది, ఎందుకంటే ఎడమ గోడే లోపలికి నీడ వేస్తోంది. ఈ తారుమారును పట్టుకుంటే చాలు, కప్పు బోలుగా కనిపిస్తుంది. ఇంకోటి: కప్పు తెల్లదే అయినా దాని నీడ వైపు, వెలుతురు పడుతున్న బూడిద కాగితం కన్నా చాలాసార్లు ముదురుగానే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే బూడిద అట్టకు సెంటీమీటరు రంధ్రం చేసి అందులోంచి ఒక్కో చోటు చూడండి. మెదడు తెల్ల కప్పని చెబుతూ ఉంటుంది, రంధ్రం నిజం చెబుతుంది.

కొలతలకు పెన్సిల్‌ను చెయ్యి పూర్తిగా చాపి పట్టుకుని, ఒక కన్ను మూసి, కప్పు వెడల్పును బొటనవేలితో గుర్తుపెట్టి, దాన్ని ఎత్తుతో పోల్చండి. మోచెయ్యి ఏ మాత్రం వంగినా కొలత మారిపోతుంది, ఈ పద్ధతిలో జరిగే తప్పంతా అదే. కప్పు మూతి అండాకారం. దాని రెండు చివర్లూ ఎప్పుడూ మొనతేలవు, గుండ్రంగానే తిరుగుతాయి. అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువ గుండ్రంగా ఉండాలి, అది మీ కంటికి ఇంకా కిందుంది కాబట్టి. అడుగును తిన్నటి గీతతో ముగించడం పాత డ్రాయింగ్ పుస్తకాలు నేర్పిన దురలవాటు. పిడిని చివర్లో వేయండి, పిడినే చూస్తూ కాకుండా దాని లోపలి ఖాళీ ఏ ఆకారంలో ఉందో చూస్తూ.

మొదటి పది కప్పులు రెండే స్థాయిల్లో: వెలుతురంతా ఖాళీ కాగితం, నీడంతా ఒకే మధ్యస్థపు వాష్. కప్పు నీడ వైపునూ, కాగితం మీద పడిన నీడనూ విడదీయకుండా ఒకే తడిలో కలిపేయండి. ఇక్కడే పాత అలవాటు అడ్డొస్తుంది. ప్రతి వస్తువు చుట్టూ ఔట్‌లైన్ గీసి, లోపల రంగు నింపడం చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. నీడలో నిజానికి అంచు కనబడదు. కనబడని అంచును వేయకపోవడం మొదట్లో పాపం చేసినట్టే ఉంటుంది.

రెండో పది: ఆ వాష్ పూర్తిగా ఆరాక ఇంకో ముదురు పొర. ఎడమ లోగోడ, పిడి కింది భాగం, కప్పు కాగితాన్ని తాకే సన్నటి గీత. ఆరిందో లేదో వేలితో తాకి చూడొద్దు, వేలి జిడ్డు అంటుతుంది. చేతి వెనకభాగాన్ని కాగితానికి దగ్గరగా పెట్టండి. చల్లగా అనిపిస్తే ఇంకా తడి ఉంది.

మూడో పదిలో రంగు. కప్పు పక్కన ఎర్రటిదో పచ్చటిదో ఒక గుడ్డ పెట్టండి. తెల్ల కప్పు నీడలోకి ఆ గుడ్డ రంగు కాస్త పాకడం చూస్తారు. ఆరు రంగులనూ ఇక్కడే బయటికి తీయాలి. ముందు ఒక పట్టిక వేసుకోండి: ఆరు నిలువు, ఆరు అడ్డం, ప్రతి గడిలో రెండు రంగుల కలయిక. థాలో నీలంతో జాగ్రత్త. గోరంత పెడితే చాలు, మిగతా రంగును మింగేస్తుంది. ఎప్పుడూ లేత రంగులోకి దాన్ని చేర్చాలి, దానిలోకి లేత రంగును కాదు.

పదిహేనో కప్పు దగ్గర చాలామందికి ఒక దిగులు వస్తుంది: అంతకుముందు వాటికన్నా ఇది అధ్వానంగా వచ్చిందేమిటని. ఒక్కొక్కటిగా పోల్చకండి. మొదటి ఐదు, తర్వాతి ఐదు వరుసగా నేల మీద పరిచి, నిలబడి చూడండి.

ఆ తర్వాత పూర్తి బొమ్మ

ఐదో వారంలో మూడు వస్తువులతో ఏ5 సైజు బొమ్మ. పెద్ద కాగితం ముట్టేముందు 5 బై 7 సెంటీమీటర్ల చిన్న గడుల్లో పెన్సిల్‌తో మూడు నాలుగు రకాల అమరికలు వేయండి, లేత, మధ్య, ముదురు మూడే స్థాయిల్లో. ఒక్కోదానికి మూడు నిమిషాలు. చిన్న గడిలో బాగాలేనిది పెద్ద కాగితం మీద బాగుపడదు.

ఫొటో చూసి వేయడానికి అంత తొందర లేదు. ఫోను కెమెరా నీడలను నల్లటి ముద్దలుగా, వెలుతురును తెల్లటి ఖాళీలుగా మార్చేస్తుంది, దగ్గరి వస్తువులను ఉబ్బిస్తుంది. ఎదురుగా ఉన్న వస్తువును నెలా రెండు నెలలు వేసినవాళ్ళకు ఫొటోలో ఏది అబద్ధమో తెలుస్తుంది. అప్పుడు ఫొటో పనిముట్టే.

ఎక్కడ చెడుతుంది

రంగులు బురదగా మారడానికి ఎక్కువ రంగులు కలపడం ఒక కారణం మాత్రమే. ఎక్కువసార్లు జరిగేది ఇది: కింది పొర సగం ఆరింది, అంటే మెరుపు పోయింది గానీ చల్లగా ఉంది, అప్పుడు పైన కుంచెతో రుద్దారు. కింది రంగు లేచి పైదానితో కలిసింది. మెరుస్తున్నంతసేపూ వేయొచ్చు, పూర్తిగా ఆరాక వేయొచ్చు, ఆ మధ్యలో చేతులు కట్టుకు కూర్చోవాలి. ఆ ఐదు నిమిషాలు ఆగలేకపోవడమే నీటి రంగుల్లో సగం కష్టాలకు మూలం.

కాలీఫ్లవర్ మచ్చలు కూడా అదే వేళలో పుడతాయి. ఆరుతున్న చోటు కన్నా తడి ఎక్కువున్న కుంచె తగిలితే నీళ్ళు పొడివైపుకు పరిగెడుతూ రంగును అంచుకు నెడతాయి. తడి వాష్‌లోకి ఇంకో రంగు వదలాలంటే అది కింది దానికన్నా చిక్కగా ఉండాలి: కింద టీ, పైన పాలు, ఆ పైన మీగడ.

కాగితం అలలు తేలితే మందం చాలలేదని, లేదా అన్ని అంచులా టేపు లేదని అర్థం. ఆరాక వెనకవైపు కొంచెం తడిపి, శుభ్రమైన కాగితాల మధ్య రాత్రంతా బరువు పెడితే చాలావరకు చదునవుతుంది.

ఆయిల్‌లో మెరుపు పోయి మసకబారిన మచ్చలు వస్తే కింది పొర నూనెను పీల్చేసిందన్నమాట. పగుళ్ళు రాకూడదంటే కింది పొరలకన్నా పై పొరల్లో నూనె ఎక్కువుండాలి. ఇంకో సంగతి చాలామంది మరిచిపోయి ఉంటారు: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ముడతల్లో వేడి చిక్కుకుని గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. ఒక్కో గుడ్డను విడిగా ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు నింపిన మూతున్న లోహపు డబ్బాలో వేయండి.

బొమ్మ అయిపోయాక కూడా కెలుకుతూ ఉండటం వయసుతో సంబంధం లేని జబ్బు. టైమర్ మోగాక అద్దంలో బొమ్మ ప్రతిబింబం చూడండి. వంకరలు, బరువు తప్పిన చోట్లు అందులో ఇట్టే కనబడతాయి. దిద్దాల్సినవి కాగితం ముక్క మీద రాసుకోండి. మూడుకన్నా తక్కువ ఉంటే దిద్దండి, ఎక్కువ ఉంటే వదిలేసి కొత్తది మొదలుపెట్టండి.

పాత ఫైలు

ముప్పయ్యో కప్పు, దానిమీద మూడు నాలుగు పూర్తి బొమ్మలు అయ్యాక టేపు విప్పండి. ఒక్కో పాత బొమ్మనూ గోడకు ఆనించి, రెండు మీటర్ల దూరంలో నిలబడి, కళ్ళు సగం మూసి చూడండి. చిన్న వివరాలు మాసిపోయి లేత-ముదురులే మిగులుతాయి. అప్పట్లో మురిసిపోయిన వాటిలో కొన్ని ఇప్పుడు ఒకే బూడిదరంగుగా కలిసిపోతాయి, ఎప్పుడూ లెక్కచేయని ఒకటో రెండో గట్టిగా నిలబడతాయి. నిలబడిన వాటిని పక్కకు తీసి మూడు సంగతులు రాసుకోండి: వెలుతురు ఎటునుంచి వచ్చింది, అన్నిటికన్నా ముదురు చోటు ఎక్కడుంది, ఏ అంచులను వేయకుండా వదిలారు. మూడోదానికి జవాబు దొరకనివాటిలో ఒకదాన్ని ఎంచుకుని, అదే దృశ్యాన్ని ఏ5 కాగితం మీద, రెండు రంగులతో, యాభై నిమిషాల్లో మళ్ళీ వేయండి.